పందులూ, కోతులూ, పంటచేలూ

ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లే దారిలో కల్లూరు అనే ఊరున్నది. నాగార్జునసాగర్ ఎడమకాలువ నీరు వచ్చే చోట వరి పండుతుంది. మిగిలిన చోట్ల మొక్కజొన్న, పత్తి, మిరప వేస్తారు. మామిడితోటలున్నాయి. ఈ మధ్య కాలంలో సత్తుపల్లి వైపు ఆయిల్‌పామ్ తోటలు కూడా బాగా పెరిగాయి. అక్కడినుంచి ఈశాన్యంగా పోయినకొద్దీ కనకగిరి గుట్టలు వస్తాయి. ఆ తరువాత కొత్తగూడెం, పాల్వంచ అడవులు. ఇంకా ముందుకు పోతే గోదావరి, దాని ఒడ్డున భద్రాచలం.

అడవి అంచున ఉండే పల్లెల్లో, పంట చేతికొచ్చే రోజుల్లో, రాత్రిళ్లు ఎలా గడుస్తాయో పట్నంలో ఉండే పిల్లలకు తెలియదు. అలాంటి రాత్రి ఒకటి ఊహించుకుందాం.

భాద్రపద మాసం. మొక్కజొన్న కంకులు పాలు పోసుకుంటున్నాయి. చేను మధ్య నాలుగు కర్రలు పాతి కట్టిన మంచె. దాని మీద ఒక తాత, ఆరో తరగతి చదివే ఆయన మనమడు కూర్చుని ఉన్నారు. తాత చేతిలో పాత నూనెడబ్బా, ఒక కర్ర. మనమడి చేతిలో టార్చిలైటు. సన్నగా తుంపర పడుతున్నది.

నడిరాత్రి దాటాక చేను చివర పటపటమని దంటులు విరిగిన చప్పుడైంది. వెంటనే గుర్రుగుర్రుమని శబ్దం.

"వచ్చాయి తాతా!" అన్నాడు కుర్రవాడు.

తాత డబ్బా మోగించాడు. కుర్రవాడు టార్చి వేసి పెద్దగా కేకలు పెట్టాడు. చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి అదే పటపట చేనుకు రెండో పక్క నుంచి వినిపించింది. తాత అటు తిరిగి డబ్బా వాయించాడు. ఈసారి చప్పుడు పక్కవాళ్ల చేలోకి మారింది. అక్కడ మంచె మీద ఉన్నవాళ్లు డబ్బా అందుకున్నారు. తెల్లవార్లూ ఇదే వరస.

తెల్లవారి చూస్తే నాలుగు కుంటల మేర మొక్కజొన్న నేలమట్టమై ఉన్నది. పందులు తిన్నది కొంచెం, తొక్కి విరిచింది ఎక్కువ. కుర్రవాడి నాయన ఆ గట్టుమీద చాలాసేపు నిలబడ్డాడు. చివరకు, "ఇట్లా లాభం లేదు. నేనూ చేను చుట్టూ కరెంటు వైరు పెడతాను," అన్నాడు.

తాత ఏమీ అనలేదు. కుర్రవాడు మాత్రం నాయన ముఖమూ, తాత ముఖమూ మార్చి మార్చి చూశాడు.

ఆ నాయనకు ఏమని జవాబు చెప్పాలి? పంట పోయినవాడితో, "పందులు కూడా ప్రాణులే, ఓర్చుకో" అని చెబితే చాలదు. వైరు పెట్టమని చెప్పడానికీ లేదు. జవాబు చెప్పాలంటే ముందు పందిని గురించి కొంత తెలుసుకోవాలి.

అడవిపందికి చూపు అంతంత మాత్రమే. కాని వాసన పసిగట్టడంలో దానికి సాటి వచ్చే జంతువులు తక్కువ. పాలుపోసుకున్న కంకి వాసననూ, మట్టిలో ఉన్న వేరుశనగ కాయ వాసననూ అది చీకట్లోనే పట్టేస్తుంది. మొనదేలిన గట్టి ముట్టెతో నాగలి దున్నినట్టు నేలను పెకలిస్తుంది. దుంపలు, వేళ్లు, రాలిన కాయలు, పురుగులు, కప్పలు, చచ్చిన జంతువులు, అన్నీ దానికి ఆహారమే. ఆడపందులూ పిల్లలూ మందగా తిరుగుతాయి. బాగా ఎదిగిన మగపంది సాధారణంగా ఒంటరిగా తిరుగుతుంది. పెద్ద మగపంది నూరు కిలోలు దాటి తూగుతుంది. దాని కోరలు కత్తుల్లాంటివి. దారికి అడ్డుపోతే మనిషిని చీల్చగలదు.

అయితే అడవికి పంది అవసరమే. అది నేల పెకలించినందువల్ల గింజలు మట్టిలో కలిసి మొలకెత్తుతాయి. పులికీ చిరుతకూ అది ముఖ్యమైన ఆహారం. అడవిలో పంది ఉండకూడదని ఎవరూ అనరు. చిక్కు వచ్చిందల్లా దాని సంఖ్యతోనే.

ఆడపంది సుమారు 115 రోజులు గర్భం మోసి, ఒక ఈతలో నాలుగు నుంచి ఆరు పిల్లల్ని పెడుతుంది. మేత పుష్కలంగా ఉంటే అంతకన్నా ఎక్కువే పెట్టవచ్చు. పిల్లలకు ఒంటిమీద చారలుంటాయి. కొన్ని నెలలకు అవి మాసిపోతాయి. ఏడాది తిరిగేసరికి ఆడపిల్లలు కూడా ఈనడానికి సిద్ధమవుతాయి.

ఇప్పుడు పలక తీసి ఒక లెక్క వేయండి. ఒక ఆడపంది, ఒక మగపంది ఉన్నాయనుకోండి. ఆడపంది ఏడాదికి ఆరు పిల్లల్ని పెడుతుంది. అందులో మూడు ఆడవి, మూడు మగవి. ఒక్కటి కూడా చావదనుకుందాం. ఏడాది చివర రెండు పందులు ఎనిమిదవుతాయి. అంటే ఏడాదికి నాలుగు రెట్లు. రెండో ఏడు 32. మూడో ఏడు 128. నాలుగో ఏడు 512. అయిదో ఏడు 2,048!

నిజానికి అడవిలో ఇలా జరగదు. పిల్లలు రోగాలతో చస్తాయి, ఆకలితో చస్తాయి, పులి నోట పడతాయి. ఈ లెక్క కేవలం పందికి ఉన్న శక్తిని చూపుతుంది. ఆ శక్తికి కళ్లెం వేసేవి ఏవో కొన్ని ఉండబట్టే ఇన్ని వేల ఏళ్లూ లోకం పందులతో నిండిపోలేదు. ఆ కళ్లేలు ఏమైనాయి?

మొదటి కళ్లెం పులి, చిరుత, గుంపులుగా వేటాడే రేచుకుక్కలు. పాల్వంచ దగ్గర కిన్నెరసాని అభయారణ్యం ఉన్నది. ఒకప్పుడు ఈ అడవులన్నీ పులులకు పేరుపడినవే. ఇప్పుడు పులి ఈ వైపుకు చుట్టపుచూపుగా వచ్చి పోవటమే. రెండో కళ్లెం మనిషి. కోయవారు విత్తనాల పండుగ రోజుల్లో ఊరంతా కలిసి వేటకు వెళ్లడం పూర్వాచారం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అంతరించిపోతున్న జంతువుల్ని కాపాడటానికి ఆ చట్టం ఎంతో అవసరమైంది. అది లేకపోతే మన దేశంలో ఈనాడు పులి మిగిలేదే కాదేమో. అయితే వేట ఆగటం వల్ల పులితోపాటు పందికి కూడా రక్షణ దొరికింది.

మూడో కళ్లెం ఆకలి. వేసవిలో అడవి ఎండిపోతే పూర్వం పందుల మందలు చిక్కిపోయేవి. ఇప్పుడు కాలువల కిందా, బోర్ల కిందా ఏడాది పొడుగునా ఏదో ఒక పంట ఉంటున్నది. పగలు దాక్కోవడానికి సర్కారు తుమ్మ పొదలు, బీడుభూములు ఉన్నాయి. రాత్రి తినడానికి కంకులున్నాయి. ఇంకేం కావాలి?

ఒక కళ్లెం తెగితే ఏం జరుగుతుందో అమెరికాలోని యెల్లోస్టోన్ అనే పెద్ద వనంలో జనం కళ్లారా చూశారు. 1926 నాటికి అక్కడి తోడేళ్లన్నిటినీ చంపేశారు. తరువాత ఎల్క్ అనే పెద్ద దుప్పులు విపరీతంగా పెరిగి లేత చెట్లను మొలవనీయకుండా మేసేశాయి. చివరకు 1995, 1996 సంవత్సరాల్లో కెనడా నుంచి 31 తోడేళ్లను తెచ్చి ఆ వనంలో వదిలారు. దుప్పుల సంఖ్య తగ్గింది. కొన్ని చోట్ల చెట్లు మళ్లీ ఎదిగాయి. కాని కల్లూరు మొక్కజొన్న చేలల్లోకి పులుల్ని తెచ్చి వదలలేం కదా! అడవి లోపల పులికి చోటు మిగల్చడం ఒక పని. అడవి బయట పంటను కాపాడుకోవడం వేరే పని. రెండూ చేయవలసిందే.

ఇప్పుడు కరెంటు వైరు సంగతికి వద్దాం.

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 ఓల్టులది. దాన్ని బోరు మోటారు దగ్గరనుంచో, స్తంభం మీదనుంచో వైరుతో లాగి చేను చుట్టూ కడతారు. ఆ వైరును తాకినప్పుడు కండరాలు బిగుసుకుపోతాయి. పట్టుకున్న చెయ్యి వదలదు. కరెంటు ఆగకుండా ప్రవహిస్తూనే ఉంటుంది. నేల తడిగా ఉంటే ప్రమాదం మరీ ఎక్కువ. చీకట్లో ఆ వైరుకు పంది ఏదో, మనిషి ఎవరో తెలియదు. మేకను వెతుక్కుంటూ వచ్చిన కుర్రవాడు తగలవచ్చు. పొరుగు రైతు తగలవచ్చు. తెల్లవారుజామున స్విచ్చి తీయడం మరచి, తన చేలోకి తానే నడిచిన రైతూ తగలవచ్చు. ఇలాంటి చావుల వార్తలు మన పత్రికల్లో తరచు కనిపిస్తూనే ఉన్నాయి. వాటిలో చాలా భాగం, పంట కాపాడుకుందామని తప్ప మరే దురుద్దేశమూ లేనివాళ్ల చేలల్లో జరిగినవే. ఇది చట్టరీత్యా నేరం కూడాను. ఇంటికి వచ్చిన పోలీసుల కంటే, ఇంటికి తిరిగిరాని మనిషి గురించి ముందు ఆలోచించాలి.

మరి తుపాకి మాటేమిటి? వన్యప్రాణి చట్టంలో దానికి దారి లేకపోలేదు. పంటకో, ప్రాణానికో ముప్పు తెచ్చే కొన్ని జంతువుల్ని చంపడానికి అటవీశాఖ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. 2016లో కేంద్రప్రభుత్వం ఉత్తరాఖండ్‌లో కొన్ని ప్రాంతాల్లో అడవిపందుల్నీ, హిమాచల్ ప్రదేశ్‌లోని సిమ్లాలో కోతుల్నీ, ఒక గడువు పెట్టి, చట్టపు రక్షణ నుంచి తప్పించింది. అలాగని ఎవరికి వారు ఉచ్చులు పన్నడం, నాటుబాంబులు పెట్టడం తప్పే. నాటుబాంబు కొరికిన ఆవు దవడ పగిలి రోజుల తరబడి బాధపడుతుంది.

పైగా మన లెక్కను ఇంకోసారి చూడండి. ఏటా నాలుగు రెట్లయ్యే పందుల్లో సగాన్ని చంపామనుకోండి. అప్పుడు కూడా అవి ఏటా రెండు రెట్లవుతూనే ఉంటాయి. అయిదేళ్లకు రెండు పందులు 64 అవుతాయి! పెరగకుండా ఆపాలంటే ప్రతి ఎనిమిదింటిలో ఆరింటిని తీసెయ్యాలి. ఎప్పుడో ఒకసారి వేటగాణ్ణి పిలిచి రెండు పందుల్ని కొట్టిస్తే కోపం తీరుతుందేమోగాని, మంద తగ్గదు.

తుపాకితో యుద్ధానికి దిగిన దేశం ఒకటుంది. 1932లో పశ్చిమ ఆస్ట్రేలియాలో వేలాది ఈము పక్షులు గోధుమచేల మీద పడ్డాయి. రైతులు మొర పెట్టుకుంటే ప్రభుత్వం సైనికుల్ని రెండు మెషిన్‌గన్నులతో, 10,000 తూటాలతో పంపింది. ఈములు తుపాకి పేలగానే చిన్నచిన్న గుంపులుగా చీలి తలో దిక్కూ పరుగెత్తాయి. సైనికులు చెప్పుకున్న లెక్క ప్రకారమే చచ్చిన పక్షులు వేయికి లోపు. అంటే ఒక్కొక్క పక్షికి సుమారు పది తూటాలు! జనం దీనికి "ఈము యుద్ధం" అని పేరు పెట్టి నవ్వుకున్నారు. ఆ తరువాత అక్కడి రైతులకు ఎక్కువగా పనికివచ్చినవి కంచెలే.

మన శాస్త్రజ్ఞులు కూడా అదే దారిన ఆలోచించారు. హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పక్షులు, జంతువులు పంటకు చేసే నష్టాన్ని గురించి ఎంతోకాలంగా పరిశోధనలు జరుగుతున్నాయి. పంది బలం దాని ముక్కులో ఉన్నది గనక, ఆ ముక్కునే మోసగించాలని వారు కనిపెట్టారు. మొక్కజొన్న చేను చుట్టూ నాలుగు వరసలు ఆముదం వేస్తే, ఆముదం వాసన మొక్కజొన్న వాసనను కప్పేస్తుంది. పందికి ఆముదం రుచించదు కూడా. వేరుశనగ చేను చుట్టూ కుసుమ వేస్తే దాని ముళ్లు అడ్డుకుంటాయి. కొబ్బరితాళ్లను గంధకమూ, పందికొవ్వూ కలిపిన దానిలో ముంచి చుట్టూ కడితే, ఇక్కడ వేరే పందుల మంద ఉన్నదనుకుని వచ్చినవి వెనక్కి పోతాయి. క్షౌరశాలలో ఊడ్చిపారేసే వెంట్రుకల్ని గట్ల వెంబడి చల్లితే, వాసన చూస్తూ వచ్చే పంది ముక్కులోకి అవి పోయి చికాకు పెడతాయి.

సౌరవిద్యుత్తుతో పనిచేసే కంచె ఇంకొకటి. ఇదీ కరెంటే కదా అంటారేమో! రెండింటికీ చాలా తేడా ఉన్నది. ఈ కంచెలో కరెంటు ఆగకుండా ప్రవహించదు. సుమారు సెకనుకు ఒకసారి, రెప్పపాటు కంటే ఎంతో తక్కువ కాలం మాత్రమే కొట్టి ఆగిపోతుంది. తగిలిన జంతువు అదిరిపడి వెనక్కి దూకుతుంది గాని చావదు. ప్రమాణాల ప్రకారం తయారైన యంత్రాన్నే వాడాలి. ఇంటి కరెంటును నేరుగా కంచెకు తగిలించి, "మాదీ సోలార్ కంచె లాంటిదే" అనుకోకూడదు.

ఈ ఉపాయాల్లో ఏ ఒక్కటీ ఎల్లకాలం పనిచేయదు. పంది తెలివైనది. ఇవాళ బెదిరిన దానికి రేపు అలవాటు పడుతుంది. అందుకే ఉపాయాల్ని మారుస్తూ ఉండాలి. మరొక ముఖ్య విషయం ఉన్నది. మంచె మీద తాత డబ్బా వాయించినప్పుడు పందులు ఎక్కడికి పోయాయో గుర్తుందా? పక్కవాళ్ల చేలోకి! ఒక్క రైతు కంచె కట్టుకుంటే, ఆ రైతు నష్టం పొరుగు రైతుకు చేరుతుంది. ఊళ్లో రైతులందరూ కలిసి, ఒక చెలక మొత్తానికి ఒకే కంచె కట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది, ఫలితమూ ఉంటుంది.

పంది రాత్రి దొంగ అయితే, కోతి పగటి దొంగ. కోతి సంగతిలో మనకు మరో ఇబ్బంది ఉన్నది. భద్రాచల రాముడు కొలువైన సీమలో కోతిని చూస్తే ఆంజనేయస్వామి గుర్తుకు వస్తాడు. దాని మీద చెయ్యెత్తడానికి మనసొప్పదు. అందుకని ఇంటి పైకప్పు పెంకులు పోతున్నా, మామిడితోట పాడవుతున్నా జనం ఓర్చుకుంటున్నారు.

మన కోతులు రెండు రకాలు. నెత్తిమీద వెంట్రుకలు టోపీలా పరుచుకుని, తోక పొడవుగా ఉండేది దక్షిణాది కోతి. దీన్ని బానెట్ కోతి అంటారు. తోక పొట్టిగా, వెనుకభాగం ఎర్రగా ఉండేది ఉత్తరాది కోతి. దీని పేరు రీసస్ కోతి. పూర్వం తూర్పువైపున ఈ రెండింటికీ గోదావరినది సరిహద్దుగా ఉండేదని జంతుశాస్త్రజ్ఞులు రాశారు. 2011లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం రీసస్ కోతులు గోదావరి దాటి చాలా దూరం దక్షిణానికి వచ్చేశాయి. అవి వచ్చిన చోట బానెట్ కోతులు వెనక్కి తగ్గుతున్నాయి. అంటే, "కోతులు ఎక్కువైపోయాయి" అని మనమంతా అంటున్న కాలంలోనే, ఒక రకం కోతికి చోటు కరువవుతున్నది! ఈసారి మీ ఊళ్లో కోతి కనబడితే తోక పొడవు చూడండి.

ఒక ఊరి కోతుల్ని పట్టి ఇంకో ఊరి పొలిమేరలో వదలడం చాలా చోట్ల జరుగుతున్నది. అది డబ్బా వాయించి పందుల్ని పక్కచేలోకి తోలడం లాంటిదే. అందుకే కోతులకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, మళ్లీ వాటి గుంపులోనే వదిలే పద్ధతి వచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లో ఈ పని 2006-07లో మొదలై, లక్షన్నరకు పైగా కోతులకు జరిగింది. మన తెలంగాణలో నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబరులో ఇలాంటి కేంద్రాన్ని ప్రారంభించారు. అయితే కోతి ఇరవై ఏళ్లకు పైగా బతుకుతుంది. కాబట్టి ఇవాళ చికిత్స చేస్తే రేపే గుంపు తగ్గదు. ఏళ్ల తరబడి ఓపికగా చేయాలి. కోతుల కోసమని ఊళ్ల పక్కన పండ్లమొక్కలు నాటే పని కూడా మన రాష్ట్రంలో జరిగింది. ఆ మొక్కలు చెట్లై కాయాలన్నా కాలం పడుతుంది.

ఈలోగా రైతులు తమ తెలివి తాము చూపుతున్నారు. 2022లో సిద్దిపేట జిల్లా కోహెడలో ఒక రైతు, మనిషికి ఎలుగుబంటి వేషం వేయించి చేలో తిప్పాడు. కోతులూ పందులూ ఆ వేషం చూసి పారిపోయాయట! ఆ వేషగాడికి రోజుకు 500 రూపాయల కూలి.

పిల్లలు చేయదగిన పనులు కూడా ఉన్నాయి. గుడి దగ్గరా, రోడ్డు పక్కనా కోతులకు అరటిపళ్లూ, బిస్కట్లూ పెట్టకండి. మనిషి చేతి తిండి మరిగిన కోతి అడవికి తిరిగిపోదు. రేపు అదే మీ చెల్లెలి చేతిలోని సంచీ లాక్కుంటుంది. కోతి కరిస్తే, లేక గోళ్లతో రక్కితే, దాచిపెట్టవద్దు. గాయాన్ని పావుగంటసేపు సబ్బునీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చేను గట్టున ఏదైనా వైరు కనిపిస్తే తాకవద్దు, దాటవద్దు. పెద్దవాళ్లకు చెప్పాలి. పంట పాడైతే, అది పాడైన చోట ఫోటో తీసి, అటవీశాఖవారికీ, వ్యవసాయాధికారికీ ఆలస్యం చేయకుండా తెలియజేయాలి. నష్టపరిహారం అడగడానికి అది ఆధారం. దరఖాస్తు రాయడం నాయనకు కష్టమైతే, బడిలో చదువుకునే మీరు రాసిపెట్టవచ్చు.

ఇక మన మంచె దగ్గరకు పోదాం. మర్నాడు సాయంత్రం నాయన వైరుచుట్ట కొనడానికి బయలుదేరుతున్నాడు. అప్పుడు మనమడు నోరు విప్పాడు.

"నాయనా, రాత్రి నేను మంచె దిగి రెండుసార్లు చేను చుట్టూ తిరిగివచ్చాను. వైరుంటే?"

నాయన చెప్పులో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. తాత అప్పుడు మాత్రం ఒక మాట అన్నాడు: "వచ్చే ఏడు గట్టు పొడుగునా నాలుగు సాళ్లు ఆముదం వేద్దాం. పక్క చేలవాళ్లతో నేను మాట్లాడతాను. ఈ ఏటికి డబ్బా ఉన్నది."

ఆ రాత్రి మంచె మీద ముగ్గురు కూర్చున్నారు.